నాసా వరల్డ్‌వ్యూలో ధ్రువ సముద్రాల బ్లూమ్‌లు: చూడ్డానికి సూపర్, లెక్కలకి మాత్రం జాగ్రత్త

ముందే చెప్పేస్తా, ఆర్కిటిక్ సముద్రంలో, అంటార్కిటికా చుట్టూ ఫైటోప్లాంక్టన్ బ్లూమ్‌లు ఎప్పుడొస్తాయి, ఎలా వస్తాయి అని ఆసక్తి ఉన్నవాళ్ళు ఎవరైనా సరే మొట్టమొదట తెరవాల్సింది రోజువారీ శాటిలైట్ ఫొటోలు చూపించే వెబ్‌సైట్ నాసా వరల్డ్‌వ్యూనే, అందులో నాకు డౌటే లేదు. బ్రౌజర్ ఉంటే చాలు, అకౌంట్ అక్కర్లేదు, డబ్బులు కట్టక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు, శాటిలైట్ తీసిన ఫొటో చాలావరకు కొన్ని గంటల్లోనే అక్కడ కనిపిస్తుంది. కానీ ఇది చూసేసి "ఇక్కడ బ్లూమ్ ఇంతుంది, పోయినేడాది కంటే ఇంత పెరిగింది" అని తీర్పులిచ్చేవాళ్ళు ఆన్‌లైన్‌లో బోలెడుమంది తగులుతుంటారు, ఆ పనికి మాత్రం ఇది కాదు. ఎందుకు కాదో చెప్పబోతే రివ్యూ ఇంత పొడుగైంది, కాస్త ఓపిక చేసుకోండి.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫైటోప్లాంక్టన్ అంటే సముద్రం పైపొరల్లో తేలుతూ బతికే, విడిగా కంటికి ఆననంత చిన్న జీవులు, మొక్కల్లాగే ఎండతో తమ తిండి తామే తయారుచేసుకుంటాయి. భూమి మొత్తం మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటి పనే. ధ్రువాల దగ్గర వీటి బతుకు మరీ విచిత్రం, నెలల తరబడి చీకటి, ఆ తర్వాత రాత్రీ పగలూ తేడా లేకుండా ఎండ, చలికాలమంతా నీళ్ళు పైకీ కిందకీ కలిసిపోయి అడుగునుంచి నైట్రేట్, ఫాస్ఫేట్ పైకొచ్చి సిద్ధంగా ఉంటాయి, మంచు కరగ్గానే ఉప్పు తక్కువున్న తేలికైన నీటి పొర పైన ఏర్పడి ఈ జీవులు లోతుకి కొట్టుకుపోకుండా వెలుతుర్లోనే నిలబడతాయి, ఇక అడ్డేముంది, కొద్ది రోజుల్లోనే విపరీతంగా పెరిగిపోతాయి. అదే బ్లూమ్. క్రిల్, కాపిపాడ్లు లాంటి రొయ్యల తరహా బుల్లి జీవులు, వాటిని తినే చేపలు, పక్షులు, తిమింగలాలు, అన్నిటి ఏడాది జరుగుబాటూ చాలావరకు ఈ కొన్ని వారాల మీదే నడుస్తుంది. ఈ సంగతి సైన్సు కంటే ముందు తిమింగలాల వేటగాళ్ళకి తెలుసు, గ్రీన్‌లాండ్ సముద్రంలో నీళ్ళు పచ్చగా ఉన్నచోటే తిమింగలాలు ఉంటాయని విలియం స్కోర్స్‌బీ అనే వేటగాడు 1820లోనే రాశాడు, ఆయన చేసింది కూడా నీటి రంగు చూసి ఊహించడమే, మనం ఇప్పుడు చేస్తున్నదీ అదే, కాకపోతే ఏడొందల కిలోమీటర్ల ఎత్తునుంచి.

సరే, వాడకం సంగతికొద్దాం. తెరవగానే వచ్చేది మామూలు ప్రపంచ పటం, అందులో ధ్రువాల్ని చూడకండి, అడ్డంగా సాగదీసినట్టుంటాయి, ఉన్నదానికంటే ఎన్నో రెట్లు పెద్దగా కనపడి మోసం చేస్తాయి. పైన భూగోళం గుర్తు నొక్కితే ఆర్కిటిక్, అంటార్కిటిక్ అని రెండు వేరే మ్యాపులు ఉంటాయి, ధ్రువం మధ్యలో పెట్టి పైనుంచి చూసినట్టు. వాటిలోకి వెళ్తేనే అసలు పని మొదలైనట్టు. అయితే అలా మారగానే లేయర్ల (మ్యాప్ మీద పరుచుకునే ఒక్కో రకం ఫొటో లేదా కొలత) లిస్టు కూడా మారుతుంది, మామూలు పటంలో ఉన్నవన్నీ ఇక్కడ ఉండవు, అది తెలీక లేయర్ ఏమైపోయిందని వెతుక్కోవద్దు.

ధ్రువాల వల్ల మనకొచ్చే లాభం ఒకటుంది. ఈ శాటిలైట్లు ధ్రువాల మీదుగా తిరుగుతాయి, ఒక్కో చుట్టు సుమారు 99 నిమిషాలు, భూమధ్యరేఖ దగ్గర ఒక్కో చోటుని పగటిపూట ఒక్కసారి చూస్తే గొప్ప, అదే ధ్రువాల దగ్గరికొచ్చేసరికి దారులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఒకే చోటు రోజులో చాలాసార్లు కెమెరా కిందకొస్తుంది. టెర్రా, ఆక్వా, సుఓమీ, నోవా 20, నోవా 21, ఇలా ఒక్కోదాని లేయర్ ఒక్కోటి ఆన్ చేసి చూస్తే, ఒకదాంట్లో మబ్బు కమ్మిన చోట ఇంకోదాంట్లో సందు దొరుకుతుంది. దీనికి చెల్లించే మూల్యం ఏంటంటే ఒక్కరోజు ఫొటో నిజానికి చాలా ముక్కలు అతికించింది, అతుకు దగ్గర మబ్బు సగానికి తెగినట్టు, మంచుపలక విరిగి జరిగినట్టు కనిపిస్తుంది. అది సముద్రంలో జరిగింది కాదు, రెండు ముక్కల మధ్య గడిచిన టైమ్ అంతే.

ఇప్పుడు అసలు అందం, ట్రూ కలర్ లేయర్. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది ఇదే, ఎందుకంటే ఇది ఏమీ లెక్కగట్టదు, గాలి వల్ల వచ్చే మసకని కొంత తీసేసి ఉన్న రంగు ఉన్నట్టు చూపిస్తుంది. టెర్రా, ఆక్వాల మీదున్న మోడిస్ కెమెరా ఫొటోలో 250 మీటర్ల వరకు వివరం తెలుస్తుంది. జూలై చివర్నుంచి ఆగస్టులో నార్వేకి ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రం మీదకి జూమ్ చేయండి, పాలు కలిసిన నీలం రంగు మెలికలు తిరుగుతూ వందల కిలోమీటర్లు పరుచుకుని ఉంటుంది, సుడులు, పాయలు, అంచులు అన్నీ తెలుస్తాయి. అది ఎక్కువగా కోకోలిథోఫోర్లు అనే జాతి పని, అందులోనూ ఎమిలియానియా హక్స్‌లీ అనేది ముఖ్యం. ఒక్కో కణం మీద సున్నపురాయి పదార్థంతో చేసుకున్న బుల్లి పలకలుంటాయి, కణం ముసలిదయ్యాక ఆ పలకలు ఊడి నీళ్ళలో తేలుతూ వెలుతుర్ని వెనక్కి విసురుతాయి, అందుకే ఆ తెల్లదనం. అంటే ఫొటోలో ధగధగ మెరిసిపోతున్న టైమ్‌కి బ్లూమ్ మంచి వయసులో ఉందనుకోవద్దు, చాలాసార్లు అప్పటికే చివరి దశకొచ్చి ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకుంటే ఆ ఫొటోని చూసే చూపే మారిపోతుంది.

ఇక్కడ ఇంకో తిరకాసు. అదే బారెంట్స్‌లో మే నెలలో వచ్చే వసంతకాలపు బ్లూమ్ చాలా పెద్దది, సిలికాతో గాజులాంటి గుల్ల కట్టుకునే డయాటమ్లదే పైచేయి, చేపలకి అదే ముఖ్యం, కానీ ట్రూ కలర్‌లో అది అంత ఆకట్టుకోదు, ముదురు పచ్చగా, కాస్త మురికిగా కనపడి ఊరుకుంటుంది. అంటార్కిటికా వైపు రాస్ సముద్రంలో నవంబరు డిసెంబరు నెలల్లో, మంచు మధ్యలో తెరుచుకునే నీటి మడుగులో, ఫియోసిస్టిస్ అంటార్కిటికా అనే జాతి భారీగా పెరుగుతుంది, దాని కణాలు జిగురులో గుంపుగా అతుక్కుని ఉంటాయి, అదీ ఫొటోలో మెరవదు. అందుకే సోషల్ మీడియాలో తిరిగే ధ్రువ సముద్రాల బ్లూమ్ ఫొటోల్లో ఎక్కడ చూసినా ఆ పాలనీలమే ఉంటుంది, అందంగా ఉన్నదానికే షేర్లు. జీవుల పరంగా బరువైన బ్లూమ్‌లు నల్లపచ్చగా ఓ మూల పడుంటాయి.

మంచు, మబ్బు, బ్లూమ్, ఈ మూడింటినీ విడదీసి గుర్తుపట్టడం కొత్తలో ఎవరికైనా కష్టమే, తెల్లటి దాని మీద తెల్లది, పక్కన లేత నీలం. దానికో మంచి ఉపాయం ఇందులోనే ఉంది, చాలామంది ముట్టుకోరు. 7-2-1 అనే బ్యాండ్ల (కెమెరా విడివిడిగా కొలిచే వెలుతురు ముక్కల) కాంబినేషన్ లేయర్ వేస్తే మంచు ముదురు ఆకాశనీలంలోకి మారుతుంది, నీటి తుంపర్లతో ఉండే మబ్బులు తెల్లగానే ఉంటాయి. 3-6-7 వేస్తే మంచు ఎర్రగా అవుతుంది. ఈ రెండోది టెర్రాకి మాత్రమే ఉంటుంది, ఎందుకంటే ఆక్వా మోడిస్‌లో ఆరో బ్యాండ్ సెన్సర్లు చాలావరకు పాడైపోయాయి. ఈ లేయర్లు వేసి ట్రూ కలర్‌తో మార్చి మార్చి చూస్తే ఏది మంచుముక్కల గుంపో ఏది రంగు మారిన నీరో ఇట్టే తేలిపోతుంది. ఇంకో మోసం కూడా ఉంది, గ్రీన్‌లాండ్, అలాస్కా తీరాల్లో హిమానీనదాలు రాతిని నూరి పిండి చేసి సముద్రంలో కలుపుతాయి, అది కూడా అచ్చం అలాగే పాలనీలంగా ఉంటుంది. లోతు తక్కువున్న సైబీరియా తీరంలో గాలికి అడుగునుంచి లేచిన మట్టి ఇంకోటి. నది నోటి దగ్గరనుంచో ఫియర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) లోపలనుంచో బయల్దేరిన రంగైతే ముందు అనుమానించండి, నడిసముద్రంలో సుడులు తిరుగుతుంటే అప్పుడు బ్లూమ్ అనుకోవచ్చు.

ఇక వివాదాల పుట్ట, క్లోరోఫిల్ (పత్రహరితం) లేయర్. ఊదా, నీలం, పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో సముద్రమంతా పులిమేసి ఉంటుంది, చూడగానే ఇదే సమాధానం అనిపిస్తుంది. ఇది ఎలా వస్తుందంటే, క్లోరోఫిల్ నీలి వెలుతుర్ని, ముఖ్యంగా 443 నానోమీటర్ల చుట్టూ ఉన్నదాన్ని, గట్టిగా పీల్చుకుంటుంది, పచ్చ వెలుతుర్ని పెద్దగా పట్టించుకోదు, కాబట్టి నీటినుంచి పైకొచ్చే వెలుతుర్లో నీలానికీ పచ్చకీ ఉన్న నిష్పత్తి చూసి, ఓడల మీద నీళ్ళు తోడి కొలిచిన విలువలతో కుదిర్చిన ఒక ఫార్ములాలో వేసి, ఘనపు మీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అని లెక్క తీస్తారు. ఫార్ములా తప్పని కాదు, కానీ దాని వెనకున్న కొలతల్లో ఎక్కువ భాగం వెచ్చటి, నడిమి అక్షాంశాల సముద్రాలవి, ధ్రువాల నీళ్ళ తీరు వేరు.

ఆర్కిటిక్ సంగతే తీసుకోండి, ప్రపంచ సముద్రాల నీటిలో అది ఒక శాతం మాత్రమే, కానీ ప్రపంచంలోని నదుల నీటిలో పదో వంతుకు పైగా అందులోనే కలుస్తుంది. లేనా, ఓబ్, యెనిసే, మెకంజీ, ఇవన్నీ అడవుల్లోంచి, గడ్డకట్టిన నేలల్లోంచి కుళ్ళిన ఆకుల రసాన్ని మోసుకొస్తాయి, ఆ గోధుమరంగు పదార్థం కూడా నీలి వెలుతుర్నే పీల్చుకుంటుంది. శాటిలైట్‌కి రెండూ ఒకటే, నీలం తగ్గింది కాబట్టి క్లోరోఫిల్ ఎక్కువుందని రాసేస్తుంది. సైబీరియా తీరం పొడుగునా ఎర్రగా కనిపించేదాంట్లో ఎంత భాగం నిజంగా ప్రాణమున్నదో ఎంత భాగం నదుల రంగో ఈ లేయర్ మీకు చెప్పదు. దక్షిణ మహాసముద్రంలో తిరగబడిన సమస్య, అక్కడ ఇదే ఫార్ములా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుందని ఓడల కొలతలతో పోల్చిన పరిశోధనలు చాలానే చెప్పాయి. పైగా రంగుల స్కేలు సమానంగా పెరిగేది కాదు, రెట్లలో పెరిగేది, పచ్చనుంచి పసుపుకి మారిందంటే కాస్త పెరిగిందనుకుంటాం, నిజానికి కొన్ని రెట్లు అయ్యుండొచ్చు. లెజెండ్ మీద మౌస్ పెట్టి అంకెలు చూసే అలవాటు చేసుకోండి, రంగు చూసి మాట్లాడకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, శాటిలైట్ చూసేది పైపొర మాత్రమే. తేటనీళ్ళైతే కొన్ని పదుల మీటర్లు, బ్లూమ్ గట్టిగా ఉన్నచోట కొద్ది మీటర్లు, అంతే. ఆర్కిటిక్‌లో పైన నైట్రేట్ అయిపోగానే ఫైటోప్లాంక్టన్ కిందకి, పోషకాలు ఇంకా మిగిలున్న పొరకి చేరతాయి, ఎండాకాలమంతా అక్కడ బాగా బతుకుతుంటే పైన మాత్రం నీలంగా ఖాళీగా కనిపిస్తుంది. పైకప్పు చూసి ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పినట్టుంటుంది ఆ లెక్క.

అసలు ఈ పరిమితి ఎంత పెద్దదో తెలియాలంటే 2011 నాటి సంగతి చెప్పుకోవాలి, ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇది. నాసా డబ్బులతోనే ఐస్‌స్కేప్ అనే ప్రాజెక్టు కింద అమెరికా కోస్ట్‌గార్డ్ ఓడ హీలీ, అలాస్కాకి వాయవ్యంగా ఉన్న చుక్చీ సముద్రంలో మంచుని చీల్చుకుంటూ వెళ్ళింది, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన కెవిన్ అరిగో దానికి నాయకత్వం వహించాడు. మంచు కింద వెలుతురుండదు, కాబట్టి ఏమీ పెరగదు, మంచు తొలగాకే బ్లూమ్ అని అప్పటిదాకా అందరి నమ్మకం. వీళ్ళకి కనపడిందేంటంటే 0.8 నుంచి 1.3 మీటర్ల మందం ఉన్న మంచు కింద, మంచు అంచునుంచి లోపలికి 100 కిలోమీటర్లకి పైగా, బయటి నీళ్ళలో కంటే ఎక్కువగా ఫైటోప్లాంక్టన్ కిక్కిరిసి ఉంది. కారణం ఏంటంటే పాతకాలపు మందపాటి మంచు పోయి ఒక్క ఏడాది వయసున్న పలచటి మంచు మిగిలింది, దాని మీద ఎండాకాలంలో కరిగిన నీళ్ళు మడుగులుగా నిలుస్తాయి, ఆ మడుగుల్లోంచి వెలుతురు కిటికీలోంచి వచ్చినట్టు కిందకి దిగుతుంది. 2012లో సైన్స్ పత్రికలో ఈ విషయం వచ్చాక, ఆర్కిటిక్ తీరపు సముద్రాల్లో ఏడాదికి తయారయ్యే జీవపదార్థం మీద అప్పటిదాకా ఉన్న లెక్కలు బాగా తక్కువై ఉండొచ్చని అందరూ ఒప్పుకోవాల్సొచ్చింది. ఇప్పుడు మీరు వరల్డ్‌వ్యూలో 2011 జూలైకి వెళ్ళి అదే చోటు చూడండి. తెల్లగా మంచు ఉంటుంది. అంతే. అంత పెద్ద బ్లూమ్ ఆ ఫొటో కిందే ఉంది, ఒక్క పిక్సెల్‌లో కూడా దాని జాడ లేదు.

మంచు ఒక్కటే కాదు లెండి. చలికాలంలో సూర్యుడే ఉండడు కాబట్టి ఫొటోనే ఉండదు, లేయర్ నల్లగా ఉంటుంది, చీకటి పోయాక కూడా సూర్యుడు మరీ కింద ఉన్నప్పుడు వెలుతురు గాలిలో చాలా దూరం ప్రయాణించి వస్తుంది కాబట్టి క్లోరోఫిల్ లెక్క నమ్మదగింది కాదని పక్కన పడేస్తారు. మంచు అంచు దగ్గర మంచు తెల్లదనం పక్క పిక్సెల్‌లోకి కారుతుంది, బ్లూమ్‌లు బాగా వచ్చేది సరిగ్గా ఆ అంచు దగ్గరే. ఇక మబ్బులు, దక్షిణ మహాసముద్రం మీద అవి తొలగడమే అరుదు. అందుకే రోజువారీ క్లోరోఫిల్ లేయర్ ధ్రువాల దగ్గర చిరిగిన గుడ్డలా ఉంటుంది, ఆ ఖాళీలు చూసి బ్లూమ్ లేదనుకోకండి, అక్కడ చూడలేకపోయారు అని మాత్రమే అర్థం. రోజుకో పేజీ తిప్పే బదులు 8 రోజులకి, నెలకి సగటు తీసిన మ్యాపులు కావాలంటే నాసావాళ్ళదే ఓషన్ కలర్ అనే వేరే సైట్ ఉంది, 4 కిలోమీటర్లు, 9 కిలోమీటర్ల గళ్ళతో డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు, సీరియస్‌గా పనిచేసేవాళ్ళు అక్కడికి పోవాల్సిందే.

ఇన్ని తిట్టాక కూడా ఎందుకు మెచ్చుకుంటున్నానంటే, కింద ఉండే టైమ్‌లైన్ కోసం. టెర్రా ఫొటోలు 2000 ఫిబ్రవరి నుంచి, ఆక్వావి 2002 నుంచి, రోజు రోజుకీ ఉన్నాయి, లాగుతూ పోవడమే. దీని విలువ తెలియాలంటే ఒక సందర్భం చెప్తా. దక్షిణ మహాసముద్రంలో నైట్రేట్, ఫాస్ఫేట్ దండిగా ఉంటాయి, అయినా చాలాచోట్ల ఫైటోప్లాంక్టన్ పెద్దగా పెరగవు, ఎందుకని శాస్త్రవేత్తలు చాలాకాలం తలలు పట్టుకున్నారు. కొరత ఇనుముది, ఎడారి దుమ్ము చేరనంత దూరం అది, అని 1980ల చివర్లో జాన్ మార్టిన్ అనే సముద్ర శాస్త్రవేత్త వాదించాడు, ఇనుము అందితే ఫైటోప్లాంక్టన్ పెరిగి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసి భూమిని చల్లబరుస్తాయని ఆయన లెక్క, సగం ట్యాంకర్ ఇనుము ఇస్తే మంచుయుగం తెప్పిస్తానని ఆయన సరదాగా అన్న మాట ఇప్పటికీ ఈ రంగంలో అందరి నోటా నానుతుంటుంది. పాపం తన ఆలోచన మీద మొదటి సముద్ర ప్రయోగం జరగడానికి కొద్దిగా ముందే 1993లో చనిపోయాడు. ఆ తర్వాత ఓడల మీద ఇనుపలవణం తీసుకెళ్ళి సముద్రంలో కలిపిన ప్రయోగాలు డజనుకి పైగా జరిగాయి, 2009లో గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ, జర్మనీవాళ్ళు కలిసి పోలార్‌స్టెర్న్ ఓడ మీద చేసిన లోహాఫెక్స్ కూడా వాటిలో ఒకటి, 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము చల్లితే బ్లూమ్ వచ్చింది గానీ అక్కడ సిలికా లేక డయాటమ్లు లేవలేదు, వచ్చినవాటిని కాపిపాడ్లు మేసేశాయి, కార్బన్ అడుగుకి చేరింది తక్కువే.

మనుషులు చల్లకపోయినా ఈ ప్రయోగం ప్రకృతిలో జరుగుతూనే ఉంటుంది, అది చూడ్డానికి వరల్డ్‌వ్యూ కంటే మంచి సీటు లేదు. దక్షిణ జార్జియా దీవి, కెర్గులెన్ దీవుల చుట్టూ క్లోరోఫిల్ లేయర్ వేయండి, చుట్టూ నీలం, దీవులకి గాలివాటున ప్రవాహం వెళ్ళే వైపు మాత్రం పచ్చగా తోక, అడుగునున్న పీఠభూమి నుంచి, దీవుల నుంచి ఇనుము దొరుకుతోంది కాబట్టి. ఇంకా నాటకీయమైంది 2019 చివరా 2020 మొదట్లోనూ వచ్చిన ఆస్ట్రేలియా కార్చిచ్చులు. ఆ పొగ వేల కిలోమీటర్లు తూర్పుకి కొట్టుకుపోయి పసిఫిక్ వైపున్న దక్షిణ మహాసముద్రం మీద పడింది, అందులోని ఇనుముతో అక్కడ మామూలుగా లేని పెద్ద బ్లూమ్ వచ్చిందని, దాని విస్తీర్ణం ఆస్ట్రేలియా కంటే పెద్దదని 2021లో నేచర్ పత్రికలో పరిశోధన వచ్చింది. పొగ, ధూళి కోసం ఏరోసాల్ లేయర్లు ఇందులోనే ఉన్నాయి, ఒక ట్యాబ్‌లో అది, ఇంకో ట్యాబ్‌లో క్లోరోఫిల్ పెట్టుకుని డిసెంబరు నుంచి జరుపుతూ పోతే ఆ పేపర్లో చెప్పింది కొంతవరకు మన కళ్ళతో మనమే చూసుకోవచ్చు. కొంతవరకే, ఎందుకంటే బ్లూమ్ ఆ పొగవల్లే వచ్చిందని తేల్చడానికి గాలిలోని కణాల్లో ఇనుము కొలవాలి, గత ఏళ్ళ సగటుతో పోల్చాలి, అవి ఈ స్క్రీన్ మీద జరిగే పనులు కావు. కానీ ఏ ప్రశ్న అడగాలో తట్టించడానికి దీన్ని మించింది లేదు.

కంపేర్ అనే బటన్ బావుంటుంది, రెండు తేదీలు పక్కపక్కన పెట్టి మధ్య గీత జరుపుకోవచ్చు. యానిమేషన్ కూడా చేసుకోవచ్చు, ఫొటో సేవ్ చేసుకోవచ్చు, తేదీ, లేయర్లు, చోటు అన్నీ లింకులోనే ఇమిడిపోతాయి కాబట్టి ఎవరికైనా పంపితే వాళ్ళకీ అచ్చం అదే కనిపిస్తుంది, ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ గ్రూపుల్లో వాదించుకునేటప్పుడు ప్రాణం లేచొస్తుంది.

ముందు ముందు ఏంటి అనేవాళ్ళకి. టెర్రా, ఆక్వా రెండూ వాటికనుకున్న వయసు ఎప్పుడో దాటేశాయి, ఇంధనం పొదుపు కోసం కక్ష్యని సరిదిద్దడం ఆపేశారు కాబట్టి దాటే టైమ్ జరిగిపోతూ వచ్చింది, అంటే ఒకే చోట ఒకే తేదీ ఫొటోలైనా ఎండ కోణం పాతవాటితో సరిపోదు, పాత ఏళ్ళతో రంగులు పోల్చేవాళ్ళు ఇది మనసులో పెట్టుకోవాలి. వాటి తర్వాత తరం సుఓమీ, నోవాల మీదున్న వీర్స్ కెమెరాలు. అన్నిటికంటే ఆశ కలిగించేది 2024 ఫిబ్రవరి 8న వెళ్ళిన నాసా శాటిలైట్ పేస్, దాని ముఖ్య పరికరం అతినీలలోహితం దగ్గరనుంచి మొదలుపెట్టి రంగుల్ని సన్నసన్న ముక్కలుగా కోసి చూస్తుంది, పాతవాటిలా గుప్పెడు బ్యాండ్లు కాదు. ఇందాక చెప్పిన నదుల గోధుమరంగునీ నిజమైన క్లోరోఫిల్‌నీ విడదీయడానికి ఆ అతినీలలోహిత భాగం బాగా పనికొస్తుంది. దాని లేయర్లు కూడా ఇందులో చేరాయి. కానీ మబ్బు, చీకటి, మంచు, వీటి ముందు పేస్ అయినా చేతులెత్తేయాల్సిందే.

అందుకే దీన్ని ఒంటరిగా వాడొద్దంటాను. పక్కన ఇంకో ట్యాబ్‌లో బయో ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో వదిలిన, మనుషుల్లేకుండా కొలిచే పరికరాల) డేటా తెరిచి పెట్టుకోండి, అదీ ఉచితమే. ఈ ఫ్లోట్లు 1000 మీటర్ల లోతులో కొట్టుకుపోతూ, దాదాపు పది రోజులకోసారి 2000 మీటర్ల దాకా దిగి, అక్కడనుంచి పైకి వస్తూ ఆక్సిజన్, నైట్రేట్, పీహెచ్, క్లోరోఫిల్ మెరుపు కొలుచుకుంటూ వచ్చి శాటిలైట్‌కి పంపేస్తాయి. అంటార్కిటికా చుట్టూ 2014లో మొదలైన సాకమ్ ప్రాజెక్టు ఇలాంటివి చాలా వదిలింది. నాకు వీటిలో ముచ్చటేసేది వాటి తెలివి, పైకొచ్చేటప్పుడు నీరు గడ్డకట్టే చలి దగ్గరుందంటే పైన మంచుందని ఊహించి గుద్దుకోకుండా వెనక్కి దిగిపోతాయి, కొలతలు దాచుకుని మంచు తొలగాక ఒక్కసారే పంపుతాయి. అంటే వరల్డ్‌వ్యూకి చీకటైన నెలల్లో, మంచు కింద, లోతులో ఏం జరుగుతుందో చెప్పేది ఇవే. లోటు ఏంటంటే ఒక్కో ఫ్లోట్ ఒక్క చుక్క, చుట్టూ వందల కిలోమీటర్లు ఖాళీ, ఆ ఖాళీ నింపేది మళ్ళీ శాటిలైటే. 2006 నుంచి 2023 దాకా పనిచేసిన కాలిప్సో లేజరు శాటిలైట్ కూడా రాత్రుళ్ళు తన వెలుతురు తనే వేసుకుని ధ్రువ సముద్రాల్ని కొలిచింది, ఆ డేటాతోనే ఏడాది పొడుగునా బ్లూమ్ పెరుగుదల, పతనం ఎలా ఉంటాయో చూడగలిగారు. యూరప్‌వాళ్ళ సెంటినెల్-3 కూడా ఉంది, 300 మీటర్ల వివరం, 21 బ్యాండ్లు, తీరాల దగ్గర, ఫియర్డ్‌ల లోపల పనిచేసేవాళ్ళకి అదే మేలు.

ఇక రేటింగ్. చూడ్డానికి, నేర్చుకోడానికి, ప్రశ్నలు పుట్టించుకోడానికి 5కి 5. స్కూల్లో, కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళకి కూడా 5. ఇన్నేళ్ళలో ఎంత పెరిగింది ఎంత తగ్గింది అని లెక్క తీయడానికి 5కి 2, ఆ రెండు కూడా టైమ్‌లైన్ కోసమే. ఆర్కిటిక్‌లో 1998 నుంచి 2018 మధ్య ఫైటోప్లాంక్టన్ ఉత్పత్తి 57 శాతం పెరిగిందని 2020లో అరిగో బృందమే లెక్క తేల్చింది, మొదట్లో మంచు తగ్గి తెరుచుకున్న నీళ్ళవల్ల, ఆ తర్వాతి దశాబ్దంలో మాత్రం నీటిలో ఫైటోప్లాంక్టన్ చిక్కదనమే పెరగడంవల్ల అని. ఆ అంకె రావడానికి ఆర్కిటిక్‌కి విడిగా ఫార్ములా కుదుర్చుకుని, ఓడల కొలతలతో సరిచూసుకుని పనిచేశారు, బ్రౌజర్‌లో రంగులు చూసి చెప్పలేదు.

మొదటిసారి తెరిచేవాళ్ళకి నా సలహా, ఆర్కిటిక్ మ్యాప్ పెట్టి, ఏదో ఒక ఏడాది ఆగస్టు మొదటి వారానికి వెళ్ళి, వీర్స్ ట్రూ కలర్ వేసి, బారెంట్స్ మీద జూమ్ చేయండి, మబ్బుంటే ఒక్కోరోజు ముందుకో వెనక్కో జరపండి, పదిరోజుల్లో ఒక్క సందైనా దొరక్కపోదు. దక్షిణం వైపైతే డిసెంబరు, జనవరి, రాస్ సముద్రం, పక్కన 7-2-1 లేయర్ తప్పకుండా.